సమావేశ గదికి ఏ మైకు కొనాలి? ఒకటి సరిపోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సహకార సంఘం కార్యాలయంలో 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది. కింద విట్రిఫైడ్ టైల్స్, ఒకవైపు పొడవునా అద్దాల కిటికీలు, రెండు స్ప్లిట్ ఏసీలు. మధ్యలో 14 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బల్ల చుట్టూ 12 మంది కూర్చుంటారు. నెలనెలా పాలకవర్గ సమావేశం రికార్డు చేసి, దాన్ని విని మీరు మినిట్స్ రాయాలి. ఇప్పటిదాకా ఫోను బల్ల మధ్యలో పెడుతున్నారు. చివర్లలో కూర్చున్నవారి మాటలు బావిలోంచి వస్తున్నట్టు ఉన్నాయి. "50 వేల లోపు గదంతా పట్టుకునే శక్తిమంతమైన మైకు ఒకటి చెప్పండి" అన్నారు.

సూటిగా చెబితే అలాంటి మైకు లేదు. ఉందని ఎవరైనా దుకాణంలో చెబితే నమ్మకండి. మీ గదికి కావలసినవి బల్ల మీద పరిచినట్టు ఉండే బౌండరీ మైకులు నాలుగు, ఆ నాలుగింటినీ విడివిడి ట్రాకులుగా (ఒక్కో మైకు ధ్వని ఒక్కో వేరే ఫైలుగా) నమోదు చేసే రికార్డరు ఒకటి. ఒక్కో మైకు మామూలు రకమైనా ఫరవాలేదు, నోటికి దగ్గరగా ఉంటే చాలు. ఖరీదైన మైకు ఒకటి గది మూలన పెట్టుకోవడం కంటే చవక మైకులు నాలుగు మనుషుల ముందు పెట్టుకోవడం ఎప్పుడూ మేలే. కార్యాలయాలకూ, సంఘాలకూ సౌండు ఏర్పాట్లు చేసే పనిలో ఉన్నవాణ్ని. మైకు మార్చమని పిలిచిన చోటల్లా నేను ముందుగా చేసేది టేపు తీసి దూరాలు కొలవడమే.

ఎందుకో కొంచెం లెక్కతో చెబుతాను, విసుక్కోకండి. మామూలుగా మాట్లాడే మనిషి గొంతు మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెల్స్ (ధ్వని బలాన్ని కొలిచే ప్రమాణం) ఉంటుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ నేరుగా వచ్చే ధ్వని 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బల్ల ఈ చివర మైకు, ఆ చివర మనిషి ఉంటే దూరం సుమారు నాలుగు మీటర్లు. మైకు దగ్గరికి చేరేసరికి గొంతు 48కి పడిపోతుంది. ఏసీలు, ప్రొజెక్టరు ఫ్యాను కలిసి చేసే రొద 45 ఉందనుకోండి. అది దూరాన్ని బట్టి తగ్గేది కాదు, గదంతా ఒకేలా పరుచుకుని ఉంటుంది. మాటకూ రొదకూ తేడా మూడే డెసిబెల్స్. అదే మైకు అర మీటరులో ఉంటే మాట 66, రొద అదే 45, తేడా 21. మధ్యలో పోయిన ఆ 18 డెసిబెల్స్‌ను గెయిన్ (ధ్వనిని పెంచే మోతాదు) పెంచి తెచ్చుకోలేరు, ఎందుకంటే మాటతో పాటు రొద కూడా అంతే పెరుగుతుంది. మీ ఫోను చేస్తున్నది సరిగ్గా అదే. ఎవరూ మాట్లాడని క్షణంలో అది తనంతట తాను గెయిన్ పెంచేసుకుంటుంది. అందుకే మీ రికార్డింగులో మాటల మధ్య ఏసీ హోరు పొంగి పొంగి వస్తోంది.

రొద ఒక ఎత్తు, మారుమోత ఇంకో ఎత్తు. మీ గది పరిమాణం 3,360 ఘనపుటడుగులు, అంటే 95 ఘనపు మీటర్లు. టైల్స్, అద్దాలు, నున్నటి గోడలు ఉన్న ఇంత గదిలో శబ్దం పూర్తిగా అణగడానికి దాదాపు ఒక సెకను పడుతుందని అంచనా వేసుకోవచ్చు. ఆ లెక్కన, మాట్లాడే మనిషి ముందు రెండున్నర అడుగుల దూరానికే నోటి నుంచి నేరుగా వచ్చే ధ్వని, గోడలకూ నేలకూ తగిలి తిరిగి వచ్చే ధ్వని సమానమైపోతాయి. దీన్ని క్రిటికల్ డిస్టెన్స్ అంటారు. మన చెవులు రెండు, వెనక మెదడు ఉంది కాబట్టి గదిలో కూర్చున్నప్పుడు మారుమోతను పక్కకు నెట్టి మాట వినగలం. మైకుకు ఆ తెలివి లేదు. గదిలో బాగానే వినిపించిన మాట రికార్డింగులో అర్థం కాకపోవడానికి కారణం ఇదే, మీ చెవులలో లోపం లేదు.

మారుమోత ముందుగా మింగేది హల్లులను. అచ్చుల్లో బలం ఉంటుంది. క, త, ప, స లాంటివి పొట్టిగా, బలహీనంగా, ఎక్కువగా రెండు వేల హెర్ట్జ్‌కు పైన ఉంటాయి. ముందు అక్షరం తోక తర్వాతి అక్షరం మీద పడి దాన్ని కప్పేస్తుంది. మినిట్స్ రాసేవారికి ఇది అసలు నొప్పి తెచ్చేది అంకెల దగ్గర. ఒక సంఘం వారు నాకు వినిపించిన రికార్డింగులో మంజూరైన మొత్తం ఇరవై లక్షలో అరవై లక్షలో ఎంత విన్నా తేలలేదు. రెండు మాటలకూ తేడా మొదటి అచ్చు ఒక్కటే, ఆ అచ్చు మీద ముందు మాట మారుమోత పడింది. చివరికి సభ్యులకు ఫోను చేసి అడిగి రాసుకున్నారు. యంత్రం చేత మాటలను అక్షరాల్లోకి మార్పిద్దామని అనుకుంటున్నా ఇదే కథ: దగ్గరి మైకు ధ్వని ఇస్తే ఫరవాలేదనిపించే పని చేస్తుంది, దూరపు మైకు ధ్వని ఇస్తే లేని మాటలు కూడా కల్పిస్తుంది.

ఇప్పుడు బౌండరీ మైకే ఎందుకు అన్నదానికి వద్దాం. మామూలు మైకును చిన్న స్టాండుకు బిగించి బల్ల మీద పెడితే నోటి నుంచి ధ్వని రెండు దారుల్లో వస్తుంది. ఒకటి నేరుగా, రెండోది బల్లకు తగిలి. రెండోది కాస్త ఆలస్యంగా చేరుతుంది, ఆ ఆలస్యం వల్ల కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గొంతు డొల్లగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. బౌండరీ మైకులో ధ్వనిని పట్టే గుండీ బల్ల తలానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి రెండు ధ్వనులూ ఒకేసారి చేరతాయి. చంపుకోవడం పోయి, కలిసి 6 డెసిబెల్స్ లాభం వస్తుంది. క్రౌన్ కంపెనీ 1980 ప్రాంతంలో పీజెడ్‌ఎం పేరుతో వీటిని బజారులోకి తెచ్చింది. అందుకే ఏ కంపెనీది అమ్మినా పీజెడ్‌ఎం అనే పిలిచే దుకాణదారులు ఇప్పటికీ ఉన్నారు. షూర్, ఆడియో-టెక్నికా కంపెనీలు కూడా వీటిని చేస్తాయి. చూడటానికి చదునుగా, చిన్నగా ఉండి మనుషుల ముఖాలకు అడ్డం రావు. మైకు చూడగానే బిగుసుకుపోయే సభ్యులు మన సంఘాల్లో తక్కువేం కాదు, కాబట్టి ఇదీ ఒక లాభమే.

వీటిలో రెండు రకాలు. చుట్టూ అన్ని వైపులా సమానంగా వినేది ఓమ్ని. ముందు వైపు బాగా విని వెనక వైపు వినకుండా ఉండేది కార్డియాయిడ్. మారుమోత అంతే పడేలా చూసుకుంటూ కార్డియాయిడ్‌ను ఓమ్ని కంటే 1.7 రెట్లు దూరంగా పెట్టవచ్చు, అందుకని చాలామంది కళ్లు మూసుకుని దాన్నే కొంటారు. మీ బల్ల నడుమ పెట్టినప్పుడు అది ఒక వరుసకు ముఖం, ఇంకో వరుసకు వీపు పెడుతుంది. రెండు వరుసలకూ కావాలంటే ఎనిమిది కొనాలి. నడుమ వరుసగా నాలుగే పెట్టాలంటే ఓమ్ని తీసుకోండి. బల్ల కింది సగం నుంచి ఎలాగూ ధ్వని రాదు కాబట్టి మామూలు ఓమ్నికి ఉన్న రెండున్నర అడుగుల హద్దు బౌండరీ ఓమ్నికి మూడున్నర దాకా సాగుతుంది.

ఎక్కడ పెట్టాలి? బల్ల నిడివికి నడిమి గీత మీద. చివర నుంచి ఒకటిముప్పావు అడుగు వదిలి మొదటిది, అక్కడి నుంచి మూడున్నర అడుగులకొకటి. అలా పెడితే నిటారుగా కూర్చున్నప్పుడు ఎవరి నోరైనా ఏదో ఒక మైకుకు మూడడుగులు, మహా అయితే మూడుంపావు దూరంలో ఉంటుంది. అధ్యక్షుడు బల్ల తలవైపు కూర్చుంటారు కదా, ఆయన ముందున్న మైకును ఇంకో అర అడుగు ఆయన వైపు జరపండి. నిర్ణయాలు చదివేది ఆయనే.

లెక్క అంతా సరిగ్గా వేసుకున్నాక బల్ల మీద ఏమవుతుందో కూడా చెప్పాలి. బల్ల నడుమ జాగా కనిపిస్తే మనవాళ్లు ఊరుకోరు. అక్కడికి పూలగుత్తి వస్తుంది, నీళ్ల సీసాలు వస్తాయి, ఎజెండా ఫైళ్ల దొంతర వస్తుంది. ఒక పెద్ద సమావేశంలో సగం సేపు గొంతులన్నీ దుప్పటి కప్పినట్టు రికార్డయ్యాయని నన్ను పిలిచారు. మైకు పాడైందని వారి అనుమానం. బల్ల దగ్గరికి వెళ్లి చూస్తే మైకు మీద స్పైరల్ బైండింగ్ చేసిన వార్షిక నివేదిక వెల్లకిలా పడుకుని ఉంది. ల్యాపుటాపు తెర ఎత్తి నోటికీ మైకుకూ మధ్య గోడ కట్టేవారు ఇంకో రకం. అందుకే మైకు చుట్టూ జానెడు మేర రంగు టేపుతో చతురస్రం గీసి అందులో ఏమీ పెట్టవద్దని అటెండరుకు చెప్పి ఉంచండి. సభ్యులకు చెప్పడం కంటే అటెండరుకు చెప్పడమే ఫలితమిస్తుంది.

బౌండరీ మైకుకు ఉన్న పెద్ద లోపం కూడా ఇదే కోవలోనిది: బల్లను తాకిన ప్రతిదీ దానికి వినిపిస్తుంది. టీ కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు, పెన్నుతో బల్ల మీద దరువు, కాగితాల గరగర. బల్ల మీద అద్దం వేసి ఉంటే మరీ కష్టం. మైకు కింద పలుచని ఫెల్టు ముక్కో, మౌసు ప్యాడులోంచి కోసిన ముక్కో వేస్తే బల్ల ద్వారా వచ్చే అదురు చాలావరకు తగ్గుతుంది. బల్లకు గుడ్డ పరిస్తే ఇంకా మంచిది, మైకును మాత్రం గుడ్డ పైనే పెట్టాలి. ఇక మిక్చరు, చిప్స్ సమావేశం మధ్యలో పెట్టకండి. నవ్వులాటకు అనడం లేదు. మూడడుగుల్లో కూర్చున్నవారు జంతికలు నములుతుంటే ఆ ట్రాకులో ఇంకేమీ వినిపించదు.

విడివిడి ట్రాకులు అని మొదట్లోనే ఎందుకు చెప్పానంటే, మైకులు కొన్నాక ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే. నాలుగు మైకులనూ ఒక మిక్సర్‌లో కలిపి ఒకే ధ్వనిగా రికార్డు చేస్తారు. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ రొద 3 డెసిబెల్స్ పెరుగుతుంది, నాలుగింటికి 6. దానికి తోడు ఒకే గొంతు నాలుగు మైకులకు నాలుగు వేర్వేరు క్షణాల్లో చేరి, కలిపినప్పుడు మళ్లీ ఆ డొల్లతనమే వస్తుంది. దగ్గరికి తెచ్చి సంపాదించుకున్నదంతా ఇలా పోతుంది. విడిగా రికార్డు చేస్తే మినిట్స్ రాసేటప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో ఆ మైకు ట్రాకు ఒక్కటే వింటారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడినా చాలాసార్లు ఇద్దరి మాటా దక్కుతుంది. ఇది మాత్రం మిక్సర్‌లో కలిపాక ఎవరూ విడదీసి ఇవ్వలేరు.

అందరికీ పంపడానికి కలిపిన ధ్వని కూడా కావాలంటే ఆటోమిక్సర్ ఉన్న పరికరం చూడండి. ఎవరు మాట్లాడుతుంటే వారి మైకును పైకి తెచ్చి మిగతావాటిని తగ్గించే ఏర్పాటు ఇది. అమెరికాలో సౌండు ఇంజనీరు డాన్ డూగన్ 1970లలో దీనికి దారి వేశారు. ఇప్పుడు బెహ్రింగర్ ఎక్స్‌ఆర్18 లాంటి మిక్సర్లలో, జూమ్ ఎఫ్8ఎన్ లాంటి రికార్డర్లలో ఇది లోపలే ఉంటుంది. కుర్రవాణ్ని కూర్చోబెట్టి చేత్తో ఫేడర్లు (ఒక్కో మైకు ధ్వనిని పెంచి తగ్గించే మీటలు) కదిలిద్దామనుకుంటే, ఎవరు నోరు తెరుస్తారో ముందుగా తెలియదు కాబట్టి ప్రతి వాక్యంలో మొదటి మాట పోతుంది.

రికార్డరు విషయంలో మీ అవసరానికి జూమ్ హెచ్6 తరగతి చాలు. నాలుగు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు (మైకు వైర్లు గుచ్చే మూడు పిన్నుల రకం), నాలుగు ట్రాకులు, మైకులకు కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (వైరు ద్వారానే మైకుకు అందే కరెంటు) అన్నీ ఉంటాయి. కొనే ముందు చూసుకోవలసింది ఈ ఫాంటమ్ పవరే: బౌండరీ మైకులు చాలావరకు కండెన్సర్ రకం, అది లేకపోతే మూగవి. ముందు ముందు మైకులు పెంచే ఆలోచన ఉంటే ఎనిమిది మైకులు పట్టే ఎఫ్8ఎన్ ఉంది, మీ బడ్జెట్టులో రాదు. ల్యాపుటాపుకు ఫోకస్‌రైట్ లాంటి ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుల ధ్వనిని కంప్యూటరుకు అందించే పెట్టె) తగిలించి కూడా చేయవచ్చు. నేను మాత్రం సమావేశాలకు ల్యాపుటాపును నమ్మను. తీర్మానం చదివే వేళకు అప్‌డేట్ అంటూ ఆగిపోయే యంత్రం మీద మినిట్స్ ఆధారపడకూడదు.

డబ్బు లెక్క. ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి అంకెలు చెప్పను, పంపకం చెబుతాను. మీ 50 వేలలో సగానికి పైగా రికార్డరుకు పోతుంది. మిగిలినదాంట్లో పేరున్న కంపెనీ బౌండరీ మైకులు నాలుగు, మంచి ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లు రావడం కష్టం. అలాంటప్పుడు నేను చెప్పే ఉపాయం ఒకటుంది. వైరు ఉన్న ఓమ్ని కాలర్ మైకును బల్ల మీద పడుకోబెట్టి టేపు వేస్తే అది బౌండరీ మైకులాగే పనిచేస్తుంది. గుండీ చిన్నది కాబట్టి బల్ల తలానికి ఆనుకునే ఉంటుంది, సూత్రం అదే. కాలర్ మైకులకు 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉంటుంది కాబట్టి, ఫాంటమ్ పవర్‌ను వాటికి తగిన చిన్న వోల్టేజికి దించే రోడ్ వీఎక్స్‌ఎల్‌ఆర్ ప్లస్ లాంటి అడాప్టర్ ఒక్కోదానికి ఒకటి తీసుకోవాలి. మామూలు కన్వర్టర్ పిన్ను కొని నేరుగా గుచ్చితే మైకు కాలిపోవచ్చు. అందం తక్కువ, పని మాత్రం బాగానే జరుగుతుంది.

ఇక గూస్‌నెక్ మైకులు. పురపాలక, జిల్లా పరిషత్ సమావేశ మందిరాల్లో సభ్యుల ముందు వంపు తిరిగిన మెడతో, మీట నొక్కగానే ఎర్ర లైటు వెలిగే మైకులు చూసే ఉంటారు. అహూజా, బాష్ లాంటి కంపెనీలు వీటిని పూర్తి సెట్టుగా అమ్ముతాయి: ఒక్కో మనిషికి ఒక్కో యూనిట్, అన్నింటినీ కలిపే కంట్రోల్ యూనిట్, అధ్యక్షుడు నొక్కితే మిగతావారి మైకులు ఆగిపోయే సదుపాయం. నోటికి అడుగు, అడుగున్నర దూరంలో ఉంటాయి కాబట్టి ధ్వని నాణ్యతలో బౌండరీ వీటి ముందు నిలవదు. పాతికమంది, ముప్పైమంది ఉండే సభ అయితే నేను వేరే ఆలోచన లేకుండా వీటినే చెబుతాను. మీ 12 మందికి వద్దన్నది రెండు కారణాలకు. ఒకటి ఖర్చు. రెండు, మీట. వాడిగా వాదన నడిచేటప్పుడు ఎవరూ మీట నొక్కరు, నొక్కినవారు ఆపరు. మీరు రాయవలసిన అసలు సంభాషణ నొక్కని మైకుల వెనక జరిగిపోతుంది. ఒక్కొక్కరే లేచి మాట్లాడే క్రమశిక్షణ మీ పాలకవర్గానికి ఉంటే ఈ మాట వెనక్కి తీసుకుంటాను.

దుకాణాల్లో మీకు అంటగట్టాలని చూసేవి మరికొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. జాబ్రా లాంటి గుండ్రటి కాన్ఫరెన్స్ స్పీకర్‌ఫోన్లు నలుగురైదుగురు చిన్న బల్ల చుట్టూ కూర్చుని దూరాన ఉన్నవారితో మాట్లాడటానికి చక్కటివి, 14 అడుగుల బల్లకు చాలవు. పైగా వాటిలోని రొద తగ్గించే ప్రక్రియ నెమ్మదిగా మాట్లాడేవారి గొంతును కూడా రొద కింద జమకట్టి చెరిపేస్తుంది. సినిమా షూటింగుల్లో వాడే షాట్‌గన్ మైకును గది మూల నుంచి గురిపెడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. దాని సూటిదనం ఆరుబయట చూపించినంతగా నాలుగు గోడల మధ్య చూపించదు, మారుమోత దాని ముందు వైపు నుంచి కూడా వస్తుంది కదా. యూట్యూబు వారు వాడే పెద్ద యూఎస్‌బీ కండెన్సర్ మైకు ఒక మనిషి కోసం చేసినది. పన్నెండు మందికీ వైర్‌లెస్ కాలర్ మైకులు పెడితే ధ్వని అద్భుతంగా ఉంటుంది, పన్నెండు బ్యాటరీలు ఎవరు చూసుకుంటారు?

సీలింగు మైకుల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పెద్ద కంపెనీల గదుల్లో చూసి వచ్చినవారు అదే కావాలంటారు. షూర్ ఎంఎక్స్‌ఏ910 2016లో వచ్చింది. రెండడుగుల పలకలా ఫాల్స్ సీలింగులో ఇమిడిపోతుంది. లోపల ఎన్నో చిన్న గుండీలు ఉంటాయి. వాటి ధ్వనులను లెక్కగట్టి కలిపి, ఒక్కో కుర్చీల గుంపు వైపు ఒక్కో చూపు పెడుతుంది, ఎనిమిది చూపుల వరకు. సెన్‌హైజర్‌కూ ఇలాంటిది ఉంది. మంచి సరుకే. అది బాగా వినాలంటే మాత్రం గది నిశ్శబ్దంగా ఉండాలి, గోడలకు శబ్దం పీల్చే పలకలు ఉండాలి, పెట్టేవారికి పని తెలిసి ఉండాలి, ఖర్చు లక్షల్లో. మీ గదిలో ఫ్యాన్లు తిరుగుతుంటే వాటి గాలి, రొద అన్నిటికంటే ముందు దీనికే చేరతాయి.

మైకులకు పెట్టే డబ్బులో కొంత గదికి పెట్టడం చాలామందికి మనసొప్పదు. అద్దాల కిటికీలకు మందపాటి తెరలు, నేల మీద తివాచీ, బల్లకు ఎదురు గోడ మీద ఫెల్టు అంటించిన నోటీసు బోర్డులు రెండు. ఇంతే. ఒక సెకను మారుమోత ఆరేడు పదో వంతులకు దిగితే మైకులన్నీ ఒక మెట్టు మంచివైనట్టే ఉంటుంది. సమావేశం సేపు ఏసీ ఫ్యానును తక్కువ వేగంలో పెట్టండి. ముందు అరగంట గదిని బాగా చల్లబరిస్తే సరిపోతుంది. బల్ల మీద ప్రొజెక్టరు ఉంటే గోడ వైపు మార్చండి. మైకు వైర్లను కరెంటు వైరుతో జంటగా కట్టవద్దు. ఎక్కడైనా దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి, లేకపోతే 50 హెర్ట్జ్ బుర్రుమనే చప్పుడు సన్నగా వెనకాల పాడుతూనే ఉంటుంది. ఫోన్లను మైకు పక్కన పెట్టనివ్వకండి. 2జీ సిగ్నలు మీద ఉన్న ఫోను కాల్ రాబోయే ముందు టకటక, బర్రు బర్రు మంటూ రికార్డింగులోకి దూరుతుంది.

రికార్డరు అమరికలు. ఆటో గెయిన్ ఆపేయండి. మామూలు మాటలకు రికార్డరులో ధ్వని స్థాయి చూపే మీటరు శిఖరం మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా ప్రతి మైకుకు గెయిన్ పెట్టి ఇక తాకవద్దు. ఎవరైనా బల్ల గుద్ది మాట్లాడినా పైన జాగా మిగులుతుంది. లో కట్ (లోతైన మోతలను కోసేసే అమరిక) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే కుర్చీలు జరిపే గుడగుడ, ఏసీ అడుగు మోత తగ్గుతాయి, గొంతుకు నష్టం లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ రికార్డింగు నాణ్యత చాలు. 96 కిలోహెర్ట్జ్ వద్దు, మాటకు దాని వల్ల ఒరిగేదేమీ లేదు. ఈ లెక్కన ఒక్కో ట్రాకు గంటకు 518 మెగాబైట్లు, నాలుగింటికి సుమారు 2 గిగాబైట్లు. 32 గిగాబైట్ల కార్డు ఎంత సాగిన సమావేశానికైనా సరిపోతుంది. బ్యాటరీల మీద నడపకండి, ఫాంటమ్ పవర్ వాటిని తాగేస్తుంది. అడాప్టరు పెట్టండి, బ్యాటరీలు లోపల ఉండనివ్వండి. కరెంటు పోతే అవి ఆదుకుంటాయి. మీ పాత ఫోనును కూడా మానవద్దు. అది రెండో రికార్డింగుగా మూలన పడి ఉంటుంది.

సమావేశం మొదలవగానే ప్రతి సభ్యుడి చేత పేరు, కూర్చున్న కుర్చీ సంఖ్య చెప్పించండి. హాజరు తీసుకున్నట్టూ ఉంటుంది, ఏ గొంతు ఎవరిదో మీకు తర్వాత గుర్తుపట్టడానికీ ఉంటుంది. రికార్డు చేస్తున్నామని ఆ సమయంలోనే బాహాటంగా చెప్పి, ఆ మాట కూడా రికార్డయ్యేలా చూడండి. టీ విరామంలో రికార్డరు ఆపండి. దగ్గరి మైకులు పెట్టాక పక్కవారితో గుసగుసగా అన్న మాట కూడా చక్కగా వినిపిస్తుంది. దాని వల్ల సంఘాల్లో వచ్చే తగాదాలు మైకుల వాడు తీర్చలేడు. మినిట్స్ ఆమోదం పొందాక రికార్డింగు ఎన్నాళ్లు ఉంచాలో, ఎవరి దగ్గర ఉంచాలో పాలకవర్గం చేతే ఒక తీర్మానం చేయించుకోండి.

కొందరు సభ్యులు ఆన్‌లైనులో చేరతారని చివర్లో రాశారు. వారి గొంతును గదిలోని స్పీకరు నుంచి మైకుల ద్వారా పట్టాలని చూడకండి. రెండు గదుల మారుమోత కలిసి ఏమీ అర్థం కాదు. ల్యాపుటాపులోనే ఆ కాల్ రికార్డింగు నొక్కి, విడిగా దాచుకుని వినండి. గదిలోని మైకుల ధ్వనిని కాల్‌లోకి పంపడం వేరే పని, దానికి ప్రతిధ్వనిని తుడిచే పరికరం కావాలి. ఆ అవసరం ఉంటే ఇంకో ప్రశ్న వేయండి, విడిగా రాస్తాను.

కొనే ముందు ఒక పూట అద్దెకు తెచ్చి చూడండి. సభలకూ పెళ్లిళ్లకూ సౌండు పెట్టేవారి దగ్గర బౌండరీ మైకులు లేకపోయినా కాలర్ మైకులు, రికార్డరు దొరుకుతాయి. హైదరాబాదు దగ్గరైతే కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగి చూడవచ్చు. పరీక్షను ఖాళీ గదిలో, ఏసీ ఆపి చేయకండి. రెండు ఏసీలూ వేసి, బల్ల చుట్టూ కార్యాలయ సిబ్బందిని కూర్చోబెట్టి, అన్నిటికంటే మెల్లగా మాట్లాడేవారిని దూరపు కుర్చీలో వేసి, వెనక్కి వాలి పోయిన నెల జమాఖర్చుల అంకెలు చదవమనండి. పక్కన ఒకరు కాగితాలు తిప్పుతూ ఉండాలి. ఆ చదివింది చూడని మనిషికి హెడ్‌ఫోన్లు పెట్టి, విన్న అంకెలు రాయమనండి. తప్పులు ఎక్కువొచ్చిన కుర్చీ ఏదో చూసి ఆ వైపు మైకు జరిపి మళ్లీ చదివించండి.